కాలంలో వెనక్కి వెళ్తే తలరాత మారుతుందా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువి కదా, సైన్సు మీద ఓ అరగంట మాట్లాడు. అయితే అందరికీ అర్థం కావాల, ఎవురూ నిద్రపోకూడదు" అన్నాడు. మొదటి షరతుకు నాది పూచీ. రెండోదానికి మాత్రం భోజనాలు ఏర్పాటు చేసినవాళ్ళే బాధ్యులు.

పొద్దున్నుంచి ఈ ఆవరణలో తిరుగుతుంటే ఒకే మాట పది నోళ్ళ విన్నాను: "ఆ రోజులు మళ్ళీ వస్తే ఎంత బాగుంటుందిరా!" ఇది నవ్వుతూ అనే మాట. గొంతు తగ్గించి అనే మాట ఇంకొకటి ఉంది. సభ మొదట్లో మన మధ్య లేని మిత్రుల పేర్లు చదివి, నిలబడి మౌనం పాటించాం. ఆ రెండు నిమిషాల్లో చాలామంది మనసులో మెదిలింది ఒకటే అయి ఉంటుంది. ఆ రోజు వాడు ఆ బండి ఎక్కకుండా ఉండుంటే? ఒక నెల ముందే ఆస్పత్రికి పోయుంటే? అంటే కాలంలో వెనక్కి వెళ్ళి జరిగినదాన్ని మార్చగలమా అనేది సినిమాకు మాత్రమే పనికొచ్చే ప్రశ్న కాదు. పోగొట్టుకున్నవాళ్ళు రోజూ వేసుకునే ప్రశ్న. దాని గురించే నాలుగు మాటలు చెప్తాను.

ముందు సినిమా సంగతే చూద్దాం. మన తరానికి టైం మెషీన్ అనే మాట నేర్పింది 1991లో వచ్చిన 'ఆదిత్య 369'. సింగీతం శ్రీనివాసరావు గారు ఆ యంత్రం ఎక్కించి బాలకృష్ణను 1526లో శ్రీకృష్ణదేవరాయల కొలువుకు తీసుకుపోయారు, అక్కడి నుంచి 2504కు తోసుకుపోయారు. టూరింగ్ టాకీసు నేలలో కూర్చుని చూసిన మనకు విజయనగరం ఎంత నిజమో ఆ యంత్రం కూడా అంతే నిజం అనిపించింది. దానికి మూలమైన ఆలోచన ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ 'ది టైం మెషీన్' అనే నవలలో ఉంది. అది అచ్చయింది 1895లో. అదే 1895లో మన మదనపల్లెలో జిడ్డు కృష్ణమూర్తి గారు పుట్టారు. కాలం గురించి జీవితమంతా మాట్లాడిన మనిషి ఆయన. ఆయన దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఆదిత్య 369లో ప్రయాణం ఉంది, వింత ఉంది. అయితే నా ప్రశ్నను సూటిగా వేసిన సినిమా 2022లో వచ్చిన 'ఒకే ఒక జీవితం'. ముగ్గురు స్నేహితులకు 1998కి వెళ్ళే అవకాశం దొరుకుతుంది. ఒకడికి చనిపోయిన అమ్మను కాపాడుకోవాలని. మిగతా ఇద్దరికీ బాల్యంలో చేజారినవి సరిచేసుకోవాలని. అంత దూరం వెనక్కి పోయి కూడా ఆ కొడుకు తల్లి చావును తప్పించలేడు. ఆ సినిమా చూసి కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చినవాళ్ళను "ఇది సైన్సేనా?" అని అడిగితే, సగం మంది "రాతను ఎవరు మార్చగలరు సార్" అంటారు. ఆ జవాబులో రెండు వేరు వేరు సంగతులు కలిసిపోయాయి. గతం మారదు అనేది ఒకటి. రాత మారదు అనేది ఇంకొకటి. ఈ రెండింటినీ విడదీయడమే ఈరోజు నా పని.

భవిష్యత్తులోకి ప్రయాణం సాధ్యమా? సాధ్యమే. మనకు తెలియకుండానే చేస్తున్నాం. 1905లో ఐన్‌స్టీన్ చెప్పిన సంగతి: వేగంగా కదిలే గడియారం, కదలకుండా ఉన్న గడియారం కంటే నెమ్మదిగా నడుస్తుంది. పదేళ్ళ తర్వాత ఆయనే ఇంకో సంగతి చేర్చారు. గురుత్వాకర్షణ ఎక్కువున్న చోట కాలం నెమ్మదిస్తుంది, తక్కువున్న చోట త్వరపడుతుంది. 1971లో ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు, హాఫెలే, కీటింగ్ అనేవాళ్ళు అణు గడియారాలను మామూలు ప్రయాణికుల విమానాల్లో పెట్టుకుని భూమి చుట్టూ తిరిగి వచ్చారు. ఇంటి దగ్గర ఉంచిన గడియారంతో పోల్చి చూస్తే తేడా వచ్చింది. సెకనులో కోటివంతుల లెక్కలో ఉండే తేడా అది. కానీ లెక్క ఎంత రావాలో దాదాపు అంతే వచ్చింది.

ఇది పరిశోధకుల ముచ్చట మాత్రమే అనుకోకండి. మీ జేబులో ఫోన్ దారి చూపిస్తున్నదంటే ఈ లెక్క వాడుతున్నందుకే. జీపీఎస్ ఉపగ్రహాలు 20,000 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. వాటి వేగం వల్ల వాటి గడియారం రోజుకు 7 మైక్రోసెకన్లు వెనకబడుతుంది. ఎత్తున ఉన్నందుకు 45 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. మొత్తం మీద రోజుకు 38 మైక్రోసెకన్లు ముందు. దీన్ని సరిచేయకపోతే ఒక్క రోజులో దారి లెక్క 10 కిలోమీటర్లు తప్పుతుంది. అంగళ్ళుకు పోవాల్సినవాడు ఎక్కడ తేలుతాడో చెప్పలేం. 2013లో శ్రీహరికోట నుంచి మొదటి ఉపగ్రహం ఎగిరిన మన సొంత నావిక్ వ్యవస్థలో కూడా ఈ సర్దుబాటు తప్పదు.

ఇంకా దగ్గరి సాక్ష్యం కావాలంటే కోలార్ వైపు చూడండి. మన పుంగనూరు, కుప్పం వైపు పల్లెల నుంచి ఎందరో కూలికి పోయిన బంగారు గనులు అవి. అక్కడ బంగారమే కాదు, సైన్సు కూడా తవ్వారు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రవేత్తలు ఆ గనుల్లో మ్యూయాన్లు అనే కణాలను కొలిచారు. 1965లో 2 కిలోమీటర్లకు పైగా లోతున, వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ కనిపెట్టారు. ఈ మ్యూయాన్లు ఆకాశంలో 10, 15 కిలోమీటర్ల ఎత్తున పుడతాయి. వాటి సగటు ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు. వెలుగంత వేగంతో పరుగెత్తినా ఆ ఆయుష్షులో 660 మీటర్లు దాటలేవు. లెక్క ప్రకారం దాదాపు అన్నీ దారిలోనే రాలిపోవాలి. కానీ నేలను చేరుతున్నాయి, నేలలోకీ దిగుతున్నాయి. ఎందుకంటే వాటి వేగానికి వాటి కాలం మనకు నెమ్మదిగా నడిచినట్టు కనిపిస్తుంది. నేను మాట్లాడుతున్న ఈ నిమిషంలో కూడా అవి మీ అందరి తలల గుండా దూసుకుపోతున్నాయి. ఒక్కొక్కటి చిన్న కాలయాత్రికుడే.

మన పురాణాల్లో ఈ మాదిరి ప్రయాణం కథ ఒకటి ఉంది. భాగవతం నవమ స్కంధంలో కకుద్మి అనే రాజు తన కూతురు రేవతికి తగిన వరుడు ఎవరో అడగడానికి బ్రహ్మలోకం పోతాడు. అక్కడ సంగీతం జరుగుతుంటుంది. అది అయ్యేదాకా కాసేపు నిలబడతాడు. తర్వాత అడిగితే బ్రహ్మ నవ్వి, నువ్వు అనుకున్న వరులు కాదు కదా, వాళ్ళ మనుమలు, మునిమనుమల పేర్లు కూడా ఇప్పుడు వినపడవు, భూమ్మీద 27 మహాయుగాలు గడిచిపోయాయి అంటాడు. చివరికి రేవతిని బలరాముడికి ఇస్తారు. మన పూర్వులకు సాపేక్షతా సిద్ధాంతం తెలుసు అని నేను అనను. అలా అంటే పూర్వులకూ గౌరవం కాదు, సైన్సుకూ గౌరవం కాదు. కథలోని ఒక చిన్న సంగతి మాత్రం గమనించండి. కకుద్మి తిరిగి వచ్చింది ముందరి కాలానికే. తన కాలానికి వెనక్కి పంపమని అడగలేదు, బ్రహ్మ పంపనూ లేదు. సైన్సు ఈరోజు గట్టిగా చెప్పగలిగింది కూడా అంతే. ముందుకు టిక్కెట్టు ఉంది, రిటర్న్ టిక్కెట్టు లేదు.

గతాన్ని చూడటం మాత్రం సాధ్యమే. కుప్పం దాటి తమిళనాడులోకి పోతే జవ్వాది కొండల్లో కావలూరు ఉంది. అక్కడ వేణు బప్పు అబ్జర్వేటరీలో 2.3 మీటర్ల టెలిస్కోపు ఉంది. అందులో ఆండ్రోమెడా గెలాక్సీని చూస్తే, మనం చూసేది 25 లక్షల ఏళ్ళ కిందట బయల్దేరిన వెలుగును. అంత దూరం ఎందుకు, మన నెత్తిమీది సూర్యుడు 8 నిమిషాల కిందటి సూర్యుడు. అంటే ఆకాశం ఒక పాత ఆల్బం. చూసుకోవచ్చు గానీ అందులోకి దూరి ఎవరినీ పలకరించలేం.

మరి వెనక్కి వెళ్ళడం? గణితం ఆ తలుపుకు పూర్తిగా తాళం వేయలేదు, ఆ మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. 1949లో కర్ట్ గోడెల్ అనే గణిత మేధావి, విశ్వమంతా ఒక రకంగా తిరుగుతుంటే తన గతంలోకి తాను చేరే దారి ఉంటుందని ఐన్‌స్టీన్ సమీకరణాల నుంచే తేల్చాడు. అయితే మన విశ్వం ఆ విధంగా తిరుగుతున్న ఆనవాలు లేదు. 1992లో స్టీఫెన్ హాకింగ్, గతంలోకి దారి ఏర్పడకుండా ప్రకృతి నియమాలే అడ్డుపడతాయని ప్రతిపాదించారు. ఆయనకు హాస్యం కూడా ఎక్కువ. 2009 జూన్ 28న కేంబ్రిడ్జిలో కాలయాత్రికులకు విందు ఏర్పాటు చేశారు. ఆహ్వాన పత్రాలు మాత్రం విందు అయిపోయాక బయటపెట్టారు. ఎప్పటికైనా టైం మెషీన్ పుడితే, ఆ పత్రం చూసినవాడు వెనక్కి వచ్చి విందుకు కూర్చోవాలి కదా! ఎవరూ రాలేదు.

వెనక్కి వెళ్ళడంలో తర్కానికే ఒక చిక్కు ఉంది. ఒకడు వెనక్కి పోయి, తాతకు పెళ్ళి కాకముందే ఆయన్ని చంపేశాడనుకోండి. తాత లేకపోతే తండ్రి లేడు, తండ్రి లేకపోతే వీడే లేడు. వీడే లేకపోతే తాతను చంపిందెవరు? దీనికి ఇద్దరు ముగ్గురు శాస్త్రవేత్తలు జవాబులు వెతికారు. రష్యా శాస్త్రవేత్త నోవికోవ్ చెప్పింది ఇది: ఒకవేళ వెనక్కి పోగలిగినా జరిగినదానికి విరుద్ధంగా ఏదీ చేయలేవు. తుపాకీ పేలదు, గురి తప్పుతుంది, లేదా నువ్వు చేసిన పనే ఆ జరిగిన కథలో ఒక భాగం అయిపోతుంది. డేవిడ్ డాయిచ్ 1991లో వేరే దారి చూపాడు. నువ్వు మార్చేది నీ గతాన్ని కాదు, పక్కనున్న మరో లోకాన్ని. రెండూ ఇంతవరకు కాగితం మీది మాటలే. కానీ గమనించండి. రెండు దారుల్లో ఏ దారిలో పోయినా, నువ్వు పోగొట్టుకున్న మనిషి నీ లోకంలోకి తిరిగి రాడు.

నోవికోవ్ మాట వింటే మనవాళ్ళకు కొత్తగా అనిపించదు. కంసుడు చెల్లెలి పెళ్ళి రథం తోలుతుంటే ఆకాశవాణి వినిపించింది. అంటే భవిష్యత్తు నుంచి ఒక వార్త వచ్చింది. ఆ వార్తను అబద్ధం చేయాలని అతను చేసిన ప్రతి పనీ, చెరసాలతో సహా, వార్త నిజం కావడానికే దారి వేసింది. పరీక్షిత్తు పాము రాకుండా ఒంటి స్తంభం మేడ కట్టించుకున్నాడు. తక్షకుడు పండులో పురుగై వచ్చాడు. ఈ కథలు వింటూ పెరిగిన మనకు "రాసిపెట్టి ఉంటే ఎక్కడ దాక్కున్నా తప్పదు" అనే నమ్మకం పాలతోనే వచ్చింది. మా జేజి ఏ కష్టం వచ్చినా నొసటి మీద వేలితో గీత గీసి చూపించేది. ఆ గీతతో చర్చ ముగిసేది.

ఇక్కడే నేను ఇంజనీరుగా కొంచెం గట్టిగా అడ్డుపడాలి. కంసుడికి వచ్చిన వార్తకూ, మనకు వచ్చే వార్తకూ తేడా ఉంది. అతనికి వచ్చింది తీర్పు. మనకు వచ్చేది హెచ్చరిక. హెచ్చరిక అంటే ఏమిటి? "ఏమీ చేయకపోతే ఇలా జరుగుతుంది" అని భవిష్యత్తు మనకు రాసిన ఉత్తరం. దాన్ని అందుకుని అబద్ధం చేయడమే దాని ప్రయోజనం.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది. సర్కారు లెక్కల్లోనే పది వేల మంది దాకా పోయారు. అప్పుడు చాలామంది అన్నమాట, విధి. తర్వాతి ఏళ్ళలో ఇన్సాట్ ఉపగ్రహాలు వచ్చాయి, తీరం వెంట రాడార్లు వచ్చాయి, తుపాను షెల్టర్లు వచ్చాయి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను చాలా తీవ్రంగా వచ్చింది. ఒడిశాలో, మన ఉత్తర తీరంలో లక్షల మందిని ముందే ఇళ్ళ నుంచి కదిలించారు. ఆస్తి నష్టం భారీగా జరిగింది గానీ చావులు పదుల్లోనే ఆగాయి. గాలి అదే గాలి, సముద్రం అదే సముద్రం. మరి వేలమంది నొసటి గీతను ఎవరు చెరిపారు? రెండు మూడు రోజుల ముందు వచ్చిన ఆ ఉత్తరమే చెరిపింది. టైం మెషీన్ వెనక్కి పోనక్కర్లేదు. రెండు రోజుల ముందుకు చూడగలిగితే చాలు.

అయితే ఉత్తరం రావడం వేరు, అందడం వేరు, చదవడం వేరు. ఇది మన ప్రాంతం బాధే. మదనపల్లెలో మనం చూసే బాహుదా నీళ్ళు చివరికి చేరేది చెయ్యేరుకు. 2021లో, అదే నవంబరు 19న, పింఛా ప్రాజెక్టు రింగ్ బండ్ తెగి, ఆ వరద కూడా కలిసి, రాజంపేట వైపు చెయ్యేరు మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. తెల్లవారుజామున నీళ్ళు పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్ళ మీద పడ్డాయి. కార్తీక పౌర్ణమి వేళ గుడిలో ఉన్నవాళ్ళు కూడా వరదలో పోయారు. ఆ ఊళ్ళో నిలబడి "ఇది విధి" అనే మాట నా నోట రాదు. మట్టికట్ట మీదుగా నీళ్ళు పొర్లితే కట్ట నిలవదు. ఇది ఇంజనీరింగ్ మొదటి ఏడాది పాఠం. ఎంత వరద వస్తుందని ముందే లెక్క కట్టాలి, ఎంత నీరు బయటికి పోగలదో చూడాలి, కింది ఊళ్ళకు ఎన్ని గంటల ముందు కబురు అందాలో ఏర్పాటు ఉండాలి. విధి అని పేరు పెట్టామంటే ఈ మూడు ప్రశ్నలు అడిగేవాడు ఉండడు. తలరాత అనే మాటకు నేను భయపడేది అందుకే. అది దుఃఖానికి ఓదార్పు ఇస్తుంది, నిజమే. కానీ దానితోపాటు బాధ్యతకు సెలవు కూడా ఇచ్చేస్తుంది.

రైతులున్న సభ కాబట్టి టమాటా గురించి కూడా చెప్పాలి. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో కిలో టమాటా 150 దాటి 200 దరిదాపుల్లోకి పోయింది. అప్పుడు మన మండలంలో అనని మనిషి లేడు: "ఏప్రిల్లోనే తెలిసుంటే నాలుగెకరాలూ నాటేవాడిని." సరే, టైం మెషీన్ ఎక్కి జూలై ధర ఏప్రిల్లో అందరికీ చెప్పామనుకోండి. కురబలకోట, తంబళ్ళపల్లె, ములకలచెరువు, అవతల కోలార్ దాకా అందరూ టమాటానే నాటుతారు. జూలైలో కిలో ఎంత పలుకుతుంది? రోడ్డు పక్కన పారబోస్తారు. తెలిసిన భవిష్యత్తు తెలిసినందుకే మారిపోయింది! ఆ ఏడాది సెప్టెంబరుకల్లా ధర పడిపోవడంలో కూడా కొంత ఇదే ఉంది. అంటే మనుషులు పాల్గొనే భవిష్యత్తు రాయి మీద చెక్కిన శాసనం కాదు. అది మనం వేసే నాట్లను బట్టి కదిలే త్రాసు. ఇది తలరాత సిద్ధాంతానికి మన మార్కెట్ యార్డు ఇచ్చిన జవాబు.

మరి గతం సంగతి? గతంలో జరిగిన ఘటన మారదు. పగిలిన కుండ దానంతటది అతుక్కోదు. అయితే గతంలోకి మనం తెచ్చుకోదగ్గ ప్రయాణం ఒకటి ఉంది. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి మన మొదటి ఎస్ఎల్‌వి-3 రాకెట్టు లేచింది. దాదాపు 5 నిమిషాలకు బంగాళాఖాతంలో పడింది. ఆ తర్వాత శాస్త్రవేత్తలు చేసింది కాలయాత్రే. రాకెట్టు పంపిన సంకేతాలన్నీ ముందేసుకుని, సెకను సెకను వెనక్కి నడిచారు. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఒక వాల్వు సరిగా మూసుకోక ఆమ్లం కారిపోయిందని పట్టుకున్నారు. 1980 జూలై 18న అదే రకం రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. అప్పుడు ప్రాజెక్టు డైరెక్టరు కలాం గారు. ఓడిన రోజు విలేకరుల ముందు కూర్చుని బాధ్యత తీసుకున్నది ఛైర్మన్ సతీశ్ ధావన్ గారు, గెలిచిన రోజు మాట్లాడమన్నది కలాం గారిని. ఈ సంగతి కలాం గారే ఎన్నో సభల్లో చెప్పారు. 1979 ఆగస్టు 10 ఈరోజుకూ ఓటమే. కానీ ఇప్పుడది ఓటమిగా మాత్రమే మిగిలిలేదు. గెలుపుకు మొదటి మెట్టుగా దాని చోటు మారింది.

ఘటన మారకుండా దాని అర్థం ఎలా మారుతుందో తెలుసుకోవడానికి మదనపల్లె కంటే మంచి చోటు లేదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ అలసిపోయి, జేమ్స్ కజిన్స్ గారి ఆహ్వానం మీద మన థియోసాఫికల్ కాలేజీకి వచ్చారు. అక్కడ 'జనగణమన'ను ఇంగ్లీషులోకి మార్చారు, మార్గరెట్ కజిన్స్ గారు బాణీకి స్వరాలు రాసుకున్నారు. ఆ రోజు విన్న పిల్లలకు అది ఒక అతిథి పాడిన పాట, అంతే. 1950 జనవరి 24న అది జాతీయ గీతం అయింది. అప్పటికి టాగూర్ పోయి ఎనిమిదేళ్ళు దాటింది. 1919లో ఒక్క నిమిషం కూడా మారలేదు. కానీ 1950 తర్వాత ఆ సాయంత్రం వేరే సాయంత్రం అయిపోయింది. గతానికి తుది అర్థం గతంలో ఉండదు. అది మనం తర్వాత చేసే పనుల్లో ఉంటుంది.

కృష్ణమూర్తి గారి దగ్గరికి వస్తానన్నాను. 1980లో ఆయన, భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ బోమ్ కలిసి కాలం గురించి చాలా రోజులు సంభాషించారు. అది 'ది ఎండింగ్ ఆఫ్ టైం' అనే పుస్తకంగా వచ్చింది. గడియారం కాలం ఒకటి, మనసు కల్పించుకునే కాలం ఇంకొకటి అని ఆయన విడదీసేవారు. రైలు అందుకోవడానికి మొదటిది కావాలి. రెండోది మాత్రం నిన్నటి గాయాన్ని ఈరోజు మళ్ళీ మళ్ళీ బతికిస్తుంది. ఆయన చెప్పిందంతా నాకు అర్థమైందనను. ఈ ఒక్కటి మాత్రం అర్థమైంది. "ఆ రోజు అలా చేయకుండా ఉంటే" అని పదేళ్ళుగా తిరుగుతున్న మనిషి నిజంగానే టైం మెషీన్లో ఉన్నాడు. కాకపోతే ఆ యంత్రం ఒకే స్టేషన్లో ఆగుతుంది, అక్కడ ఎవరినీ కాపాడలేదు.

మరి పోయినవాళ్ళ మాట? 1955 మార్చిలో ఐన్‌స్టీన్ ప్రాణమిత్రుడు మిచెల్ బెస్సో చనిపోయారు. ఆ కుటుంబానికి ఐన్‌స్టీన్ రాసిన ఉత్తరంలో ఒక భావం ఉంది. గతం, వర్తమానం, భవిష్యత్తు అనే తేడా భౌతిక శాస్త్రాన్ని నమ్మినవాళ్ళకు ఒక మొండి భ్రమ మాత్రమే అని. నెల రోజులకే ఆయన కూడా పోయారు. దీన్ని నేను ఇలా తీసుకుంటాను. గతాన్ని మార్చలేకపోవడం మనకు శిక్షే కాదు, రక్షణ కూడా. జరిగిన చెడును చెరపలేమంటే, జరిగిన మంచిని కూడా ఎవరూ చెరపలేరు. ఈ ఉదయం పేర్లు చదివిన మిత్రులు మన బెంచీల మీద కూర్చున్నారన్నది, మనతో చద్దన్నం పంచుకున్నారన్నది, చావు కూడా కొట్టివేయలేని వాస్తవం. దాన్ని తీసేయగల టైం మెషీన్ లేనందుకు నాకు సంతోషమే.

చివరగా రాత గురించి ఒక ఇంజనీరు మాట. నీరు పల్లమెరుగు అంటారు. నీటి తలరాత అది. శ్రీశైలం జలాశయం నిండితే నీటి మట్టం 885 అడుగులు, అంటే సుమారు 270 మీటర్లు. మదనపల్లె ఉన్నది 695 మీటర్ల ఎత్తున. కృష్ణమ్మకు మన వైపు చూసే రాతే లేదు. హంద్రీ-నీవా పథకంలో మల్యాల దగ్గర మొదలుపెట్టి మెట్టు మెట్టుగా పంపులతో ఎత్తి, కాలువలు తవ్వి, పుంగనూరు, కుప్పం ఉపకాలువల వైపు ఆ నీళ్ళను మళ్ళించారు. ఏళ్ళు పట్టింది, ఎంతో ఖర్చయింది, చేయాల్సింది ఇంకా ఉంది. కానీ గమనించండి. గురుత్వాకర్షణ నియమాన్ని ఎవరూ రద్దు చేయలేదు. దాన్ని పూర్తిగా ఒప్పుకుని, ఎంత బరువు ఎంత ఎత్తుకు లేపాలో లెక్క కట్టారు. రాతను మార్చడం అంటే నా దృష్టిలో ఇదే. నియమాలను కాదనడం కాదు, నియమాలతోనే పని చేయించడం.

గురువులకు ఒక విన్నపం. మన బడి పిల్లల్లో పరీక్ష ఫలితం రోజునే తన రాత తేలిపోయిందని నమ్మే బిడ్డ ప్రతి ఏడాదీ ఒకరైనా ఉంటారు. ఆ మార్కు గతం, అది మారదు. కానీ అది ఆ బిడ్డ భవిష్యత్తు కాదు. ఈ రెండు వాక్యాలను విడదీసి చెప్పే పెద్దమనిషి ఆ రోజు ఆ బిడ్డ పక్కన ఉండాలి. ఆ పని ఏ యంత్రమూ చేయలేదు, సార్లూ మేడమ్‌లే చేయగలరు. మా కాలంలో మీరు మాకు చేశారు.

పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. ఇంకో యాభై ఏళ్ళకు ఇక్కడ శతాబ్ది ఉత్సవం జరుగుతుంది. ఆ సభలో మనలో చాలామంది ఉండం. అప్పటివాళ్ళు ఈరోజు వైపు తిరిగి చూసి, "వాళ్ళు ఆ రోజే ఆ పని చేసుంటే" అనుకోవచ్చు, లేదా "ఆ రోజు వాళ్ళు చేశారు కాబట్టే" అనుకోవచ్చు. వాళ్ళు వెనక్కి వచ్చి మార్చుకోవాలని ఆశపడే గతం మన చేతిలో ఇంకా వర్తమానంగానే ఉంది. ల్యాబు గది, గ్రంథాలయం, ఆడపిల్లల మరుగుదొడ్లు, పేద పిల్లల ఫీజులు, జాబితా కార్యదర్శి దగ్గర ఉంది. భోజనానికి పోయే ముందు ఒకసారి చూడండి.